మైలపల్లి దానయ్య కాలికట్టు

కొత్త ఒరిస్సా రాష్ట్రం ఏర్పడిన మరుసటి ఏడు, జూన్ నెలాఖరులో నన్ను హుమ్మ ఉప్పుకొఠారుకు సబ్ ఇన్‌స్పెక్టరుగా వేశారు. నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు. చేతిలో రసాయనశాస్త్రం పట్టా ఉంది, అనుభవం లేదు. నా పై అధికారి సర్కిల్ ఇన్‌స్పెక్టర్ పట్నాయక్ గారు. ఆయన ఒడియా వారే గాని గంజాంలో పుట్టి పెరిగినవారు కావడంతో మాతో తెలుగే మాట్లాడేవారు. నా కింద ఇద్దరు జమాదార్లు, ముప్ఫై మంది ప్యూన్లు ఉండేవారు. మా శాఖలో ప్యూన్ అంటే కాగితాలు మోసేవాడు కాదు, ఉప్పు కుప్పలకు కాపలా కాసేవాడు.

ఆ రోజుల్లో ఉప్పు మీద సర్కారు సుంకం ఉండేది. సుంకం కట్టని ఉప్పు గుప్పెడు బయటికి పోయినా నేరమే. అందుకని గేటు దాటే ప్రతి మనిషినీ జడ్తీ చేయాలి. నడుము, తలపాగా, అన్నం గిన్నె చూడాలని నిబంధన. ఎవరిని చూసినా ముందు అనుమానించడం, తరవాత మాట్లాడడం నాకు మొదటి నెలలోనే అలవాటైంది. దానికి తోడు రాష్ట్రం కొత్తది. ఎవరు ఉంటారో, ఎవరిని మద్రాసు వైపు పంపేస్తారో, ఎవరి మనిషికి ఖాళీ దక్కుతుందో ఎవరికీ తెలియదు. తెలుగు గుమాస్తా ఒడియా గుమాస్తాను, ఇద్దరూ కలిసి నన్నూ ఓరకంటితో చూసేవారు.

వానలు పడితే మడుల్లో పని ఆగిపోతుంది. కుప్పలకు తాటాకు కప్పి కాపలా కాయడమే మిగులుతుంది. ఊరికే ఉన్న ప్యూన్లు తగువులు పడతారని పట్నాయక్ గారు ఫుట్‌బాల్ జట్టు తయారుచేశారు. క్రమంగా వ్యవహారం తలకిందులైంది. ప్యూన్లు బంతి ఆడడం పోయి, బంతి ఆడేవాళ్లు ప్యూన్లయ్యారు.

మైలపల్లి దానయ్య అలా వచ్చినవాడే. సముద్రపు ఒడ్డున వేటపల్లెలో పుట్టాడు. పొట్టి మనిషి, వెడల్పాటి భుజాలు, వయసు ముప్ఫై లోపు. మా జట్టుకు బ్యాక్. అప్పటి ఆటలో గోల్‌కీపరు ముందు ఇద్దరు బ్యాకులుండేవారు. ఎదుటి జట్టు ఫార్వర్డులను ఆపడమే వాళ్ల పని. దానయ్య ఆపే పద్ధతి వేరు. బంతి కోసం పరుగెత్తడు. ఫార్వర్డు దగ్గరికి వచ్చేదాకా నిలబడి, చివరి క్షణంలో బంతినీ కాలినీ కలిపి కొడతాడు. నాలుగేళ్ల కిందట తన పల్లె తరఫున ఆడుతూ మా జట్టు సెంటర్ ఫార్వర్డును కొబ్బరిబొండం రాల్చినట్టు రాల్చాడట. మర్నాడు పొద్దున్నే పట్నాయక్ గారు కబురంపి అతణ్ణి తాత్కాలిక ప్యూనుగా వేసుకున్నారు. నేను చేరిన ఏడు ఒక పర్మినెంటు ఖాళీ వచ్చింది. జాబితాలో మొదటి పేరు దానయ్యదే. అయితే తాత్కాలిక ఉద్యోగి ఫైలులో ఒక్క చెడ్డమాట పడితే ఖాళీ దక్కకపోగా ఉన్న పని కూడా పోతుంది.

జులై రెండోవారంలో బరంపురం నుంచి ఉత్తరం వచ్చింది. అక్కడ జరుగుతున్న వానాకాలం పోటీల కమిటీ కార్యదర్శి, ఒక ప్లీడరు, రాశారు. దానయ్య ఆడిన రెండు ఆటల్లో ముగ్గురు ఫార్వర్డులకు మోకాలి కింద, ముంగాలి మీద గాయాలయ్యాయి. బూట్లు లేని ఆటలో దెబ్బలు మామూలే. ఇవి మాత్రం దెబ్బల్లా లేవు. చర్మం తురిమినట్టు లేచిపోయింది, రెండు రోజుల పాటు కారం రాసినట్టు మండింది. అతను కుడి చీలమండకు కట్టే గుడ్డలో ఇనుము దాస్తున్నాడని ప్రేక్షకుల అనుమానం. శాఖవారు పరీక్షించి ధ్రువపత్రం ఇస్తేనే సెమీఫైనల్ ఆడనిస్తామని ముగింపు.

పట్నాయక్ గారు ఆ ఉత్తరం నా ముందు పెట్టారు.

"వాళ్లు ఇనుమంటున్నారు. నేను ఉప్పంటాను. ప్రతి ఆటకీ తడిగుడ్డ సుట్టుకుని గేటు దాటుతున్నాడు, మనోళ్లు సూసి ఊరుకుంటన్నారు. నువ్వు సైన్సు సదివినోడివి గదా, రెండిట్లో ఏటో తేల్చు."

అంటే నేను తేల్చవలసినవి రెండు. ఇనుము ఉంటే ఆట పోతుంది. ఉప్పు ఉంటే ఉద్యోగం పోతుంది.

దానయ్యను గేటు గదిలో బల్ల మీద కూర్చోబెట్టి ఇద్దరు జమాదార్ల ఎదుట కట్టు విప్పించాను. అతను కాలు చాపి నా ముఖంలోకి చూశాడు.

"ఏటి బాబూ, కాలు గూడా జడ్తీయేనా? ఇనప ముక్క దొరికితే నాకియ్యండి. ఇంటికాడ గేలాలకి పనికొత్తాది."

జమాదార్లు నవ్వారు. నేను నవ్వలేదు. నాలుగు మూరల పాత నేతగుడ్డ, జానెడు వెడల్పు. మడతలన్నీ విప్పి అంగుళం అంగుళం వేళ్లతో నొక్కాను, అంచులు సూదితో గుచ్చి చూశాను, వెలుతురుకు పట్టి చూశాను. ఇనుము లేదు, గాజుపెంకు లేదు, ముడి కూడా లేదు. కాని గుడ్డ తడిగా, జిడ్డుగా ఉంది.

"ఇది ఎందుకు తడిసింది?"

"సేదునీరు బాబూ. పడవ దింపినప్పుడు మడమ మీద దొల్లింది. ఆ కాలు అప్పుడే సగం సచ్చింది. సేదునీరు కడితే పొంగదు. మా పేటలో అందరూ కడతారు."

"ఎక్కడిది?"

"మీరు పారబోసిందే. పారబోసిన నీటికి గూడా పన్నేటి?"

చేదునీరంటే మడిలో ఉప్పు గడ్డకట్టాక అడుగున మిగిలే ద్రవం. తాగితే చేదు, తాకితే జిడ్డు. దాన్ని కాలువలోకి వదిలేస్తాం కాబట్టి దానికి సుంకం లేదు. అయితే అతని మాట నమ్మడం నా పని కాదు. ప్యూన్ల వంటపాక వెనక ఎండాకాలంలో నింపి పెట్టుకున్న కుండ చూపించాడు. అందులో హైడ్రోమీటరు వేశాను. ద్రవం ఎంత చిక్కగా ఉందో చెప్పే గాజు గొట్టం అది. ఇరవై అయిదు నుంచి ముప్ఫై డిగ్రీల మధ్య ఉంటే అది ఉప్పు కట్టే నీరు. ముప్ఫై దాటితే చేదునీరు. కుండలోది ముప్ఫై రెండు చూపించింది. దానయ్య చెప్పింది నిజమే.

ధ్రువపత్రం రాశాను: కట్టులో లోహంగాని పదునైన వస్తువుగాని లేదు, సుంకం పడే ఉప్పు లేదు. సంతకం పెట్టాను. పెట్టానే గాని మనసు కుదుటపడలేదు. ముగ్గురి కాళ్లు ఊరికే తురుముడు పడవు. మంట సంగతి చేదునీటితో తేలింది, పుండు మీద పడితే అది మండుతుంది. చర్మం లేవడం మాత్రం తేలలేదు. పైగా హుమ్మలో రోజూ సాయంత్రం మావాళ్లతోనే ఆడుతున్నాడు, ఇక్కడ ఒక్కరికీ గీత పడలేదు. అంటే బరంపురంలో ఏదో చేస్తున్నాడు. జట్టుతో పాటు నేనూ రైలెక్కాను.

సెమీఫైనల్ హల్దియాపదర్ కుర్రాళ్లతో. వాళ్ల ముఖ్యమైన ఫార్వర్డు సిమాచలం, సన్నగా ఉండే చురుకైన మనిషి. ఆట మొదలయ్యే ముందు రిఫరీ అందరి ఎదుట దానయ్య కట్టు విప్పించి చూసి, శుభ్రంగా ఉందని చేయి ఊపాడు. దానయ్య మళ్లీ కట్టుకుని, గోలు ముందుకు వెళ్లి, కుడికాలును నేలకు రెండు మూడుసార్లు రాసి, ఆ మట్టి నుదుట పెట్టుకున్నాడు. ఆటగాళ్లలో చాలామంది నేలకు మొక్కుతారు. నేను పుస్తకంలో రాసుకున్నాను, అంతే.

జనం మొదటి నుంచీ అతని మీదే ఉన్నారు. "లుణియా! లుణియా!" అని అరిచారు. ఒడియాలో ఉప్పు పని చేసేవాడని. తెలుగులో అరిచేవాళ్లూ తక్కువేం లేరు.

"ఒరే సిమాచలం, ఆడి పక్కకి ఎల్లకురా! ఊరగాయ ఎట్టేస్తాడు!"

పావుగంట గడిచాక సిమాచలం బంతితో వెళ్లనే వెళ్లాడు. దానయ్య నిలబడ్డాడు, చివరి క్షణంలో కాలు వేశాడు. బంతి బయటికి పోయింది, సిమాచలం కూలబడ్డాడు. ముంగాలి మీద అరచేయంత మేర చర్మం లేచి రక్తం చిమ్మింది. ప్లీడరు గారు నా ధ్రువపత్రం చేత్తో ఊపుతూ నా కుర్చీ దగ్గరికి వచ్చారు. మీ సైన్సు ఇదేనా అని అందరి ముందూ అడిగారు.

హాఫ్‌టైం ఈల పడగానే దానయ్య ఎవరితోనూ మాట్లాడకుండా నేరుగా మైదానం పక్కనున్న బావి వైపు నడిచాడు. నడుస్తూనే కట్టు విప్పడానికి వంగాడు. నేను పరుగెత్తి ఆపాను.

"కడుక్కోకు. కాలు ఇలా చాపు."

బొటనవేలితో కట్టు మీద గట్టిగా రుద్దాను. నా వేలి తోలు లేచింది.

సంగతి అప్పుడు బోధపడింది. చేదునీటికి గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. అందులో తడిపిన గుడ్డ ఎండలో పెట్టినా ఆరదు, జిడ్డు పోదు. హుమ్మలో మావాళ్లు ఆడేది మెత్తని బంకమట్టి మీద. బరంపురం మైదానం గరప నేల. కాలు నేలకు తగిలినప్పుడల్లా సన్నని గులకరాళ్లు, ఇసుక పలుకులు గుడ్డకు అంటుకున్నాయి. పావుగంటకల్లా అది కట్టు కాదు, ఆకురాయి. ఆట అయ్యాక అతను కడిగేసుకుంటాడు, ఎవరు పరీక్షించినా శుభ్రమైన గుడ్డే కనిపిస్తుంది. నేను ఈ సూత్రాలన్నీ పరీక్షల్లో రాసినవాణ్ణి. గుడ్డలో ఏం దాచాడా అని వెతికాను గాని, గుడ్డ తనంతట తాను ఏం పట్టుకుంటుందో ఆలోచించలేదు.

"ఇలా అవుతుందని నీకు తెలుసా?" అని అడిగాను.

దానయ్య నా పుస్తకం వైపు చూశాడు.

"తెలుసని రాత్తే నాకేటవుద్ది, తెలవదని రాత్తే ఏటవుద్ది? ముందది సెప్పండి బాబూ."

కట్టు విప్పి ఆడమన్నాను. విప్పి, దులపకుండా నా చేతిలో పెట్టాడు.

"తమరే ఉంచుకోండి. కురిసీలో కూకున్నోరికి మడమతో పనేటుంది."

రెండో సగమంతా వట్టి కాలితో ఆడాడు. ఆట తీరు ఇసుమంతైనా మారలేదు. అదే నిలబడడం, అదే దెబ్బ. సిమాచలం కాలికి గుడ్డ కట్టుకుని మూడుసార్లు వచ్చాడు, మూడుసార్లూ కిందపడ్డాడు. ఎక్కడా చర్మం లేవలేదు, రిఫరీ ఈల వేయలేదు. నాలుగోసారి దానయ్య మడమ బెణికింది. లేవబోయి లేవలేకపోయాడు. సిమాచలం పక్కనుంచి వెళ్లి గోలు కొట్టాడు. ఒక్క గోలుతో ఓడిపోయాం.

సోమవారం నివేదిక రాయడానికి కూర్చున్నాను. గాయాలకు కారణం కట్టేనని రుజువైంది. తెలిసి చేశాడా అన్నది మిగిలింది. కాలు నేలకు రాయడం, అందరికంటే ముందు బావికి పోవడం అతనికి వ్యతిరేకం. కాని నేలకు మొక్కేవాళ్లు జట్టులో ఇంకా అయిదుగురున్నారు. చేదునీరు గంటసేపు ఉంటే ఒళ్లు దురద పెడుతుంది, కడుక్కోవడం సహజం. వాచిన మడమ నేను కళ్లారా చూశాను. ఎటు తూచినా ముల్లు మధ్యలోనే నిలిచింది.

పట్నాయక్ గారు చిత్తుప్రతి చదివారు.

"అనుమానం ఉందని రాస్తే ఆడి పని పోద్ది. లేదని రాస్తే నువ్వు అబద్ధం ఆడినట్టు. ఏటి రాస్తావు?"

మూడు వాక్యాలు రాశాను. గాయాలు కట్టుకు అంటిన గరప వల్ల కలిగాయి. ఆటగాడి ఉద్దేశం నేను పరీక్షించలేదు, దాన్ని పరీక్షించే సాధనం నా దగ్గర లేదు. కట్టును హుమ్మలో, గదిలో, బల్ల మీద మాత్రమే పరీక్షించి బరంపురం మైదానానికి ధ్రువపత్రం ఇవ్వడం నా పొరపాటు.

మూడో వాక్యం పైకి వెళ్లింది. అజాగ్రత్త అన్న మాట నా సర్వీసు పుస్తకంలో ఎక్కింది. దానయ్య ఫైలులో ఏదీ ఎక్కలేదు. ఆ నెలలోనే అతను పర్మినెంటయ్యాడు. కమిటీవారు మనిషిని నిషేధించలేదు, తడిసిన కట్లను నిషేధించారు. దానయ్య వట్టి కాలితో ఇంకా మూడు వానాకాలాలు ఆడాడు. సగం ఆటకే మడమ పొంగేది, రెండో సగంలో వేరొకణ్ణి పెట్టే వీలు అప్పటి ఆటలో లేదు, ఒంటికాలి మీదే నెట్టుకొచ్చేవాడు. గంజాంలో అతణ్ణి దాటి గోలు కొట్టినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చని అప్పటివాళ్లు చెప్పుకునేవారు. నాలుగో ఏడు రాత్రి కాపలాకు మారి ఆట మానేశాడు. నాతో ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. నేను గేటు దగ్గర ఉన్న రోజున మాత్రం అడగకుండానే కుడికాలు ముందుకు చాపి, "సూసుకోండి బాబూ" అనేవాడు. జమాదార్లకు అది సరదా.

అతనికి తెలుసో తెలియదో నాకు ఈనాటికీ తెలియదు. తెలుసనే నా అనుమానం, రుజువు లేదు. తరవాతి ఉద్యోగమంతా నేను రెండు పనులు తప్పకుండా చేశాను. ఏ వస్తువునైనా అది వాడే చోట, వాడుతున్న సమయంలో పరీక్షించాను. ప్రతి ధ్రువపత్రం చివర, పరీక్షించినవాటి కింద, పరీక్షించనివి ఏమిటో కూడా రాశాను. ఆ రెండో పట్టీ ఎప్పుడూ మొదటిదానికంటే పొడుగ్గానే ఉండేది.