విస్తరి అంచున ముళ్ళు

దెయ్యాలున్నాయని నాతో వాదించి నెగ్గినవాళ్ళు మా చుట్టాల్లో ఎవరూ లేరు. నేను శ్రీకాకుళంలో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెబుతాను. చచ్చినదాన్ని కోసి లోపల ఏముందో చూపించడమే నా ఉద్యోగం. ఆత్మ అనేది ఎప్పుడూ కత్తికి తగల్లేదు. పైగా మాది బాప్టిస్టు సంఘం. చనిపోయినవాళ్ళు ప్రభువు దగ్గర విశ్రాంతిలో ఉంటారే తప్ప ఊళ్ళో తిరగరని మా పాస్టరు గారు గట్టిగా చెబుతారు. సైన్సూ సంఘమూ కలిసి ఒక్క మాట మీద నిలబడే విషయం నాకు తెలిసి ఇదొక్కటే.

ఇక జరిగింది చెబుతాను. నచ్చితే నమ్మండి, లేకపోతే మానండి. నమ్మించే పని నాది కాదు.

ప్రకాష్ నా మరిది. మా ఆయనకు తమ్ముడు. నేను కోటబొమ్మాళి దగ్గరి వాళ్ళ ఊరికి కోడలిగా వెళ్ళేసరికి వాడింకా నిక్కర్లలో ఉన్నాడు. ఇంటర్ అవగానే మా వైపు కుర్రాళ్ళందరిలాగే తెల్లారక ముందే రోడ్డు మీద పరుగులు తీసి, సైన్యంలో చేరాడు. "డిగ్రీ చదవరా" అని నేను పోట్లాడాను. "వదినా, నీకాడ పాఠం ఇన్నాక నాకు తుపాకులంటే బయం పోనాది" అన్నాడు. ఆ నోరు అలాంటిది.

సరిహద్దు కొండల మీద పోరులో వాడు పోయాడు. పైనుంచి కాల్పులు జరుగుతుంటే, చెయ్యి నుజ్జయి పడిపోయిన తోటి సిపాయిని పాకుతూ వెళ్ళి రాయి చాటుకు లాక్కొచ్చాడట. గాయానికి గుడ్డ కట్టి, ఇంకొకడు బయటే ఉన్నాడని మళ్ళీ వెళ్ళాడట. ఆ రెండోవాణ్ణి కూడా చాటుకు నెట్టాక తూటా తగిలింది. వాళ్ళిద్దరూ బతికారు. మా వాడు జెండా కప్పుకుని ఇంటికొచ్చాడు.

మొదట కాపాడిన సిపాయి పేరు రతన్ సింగ్. రాజస్థాన్‌లో ఎక్కడో ఇసుక ఊరు. ఏడాది జ్ఞాపకార్థ కూడికకు వస్తాను, అమ్మ కాళ్ళకు దండం పెట్టుకోవాలి అని మా ఆయనకు ఫోన్ చేశాడు. మా ఆయన కొత్తవలసలో రైల్వే ఉద్యోగి. హిందీ బాగా వచ్చు.

ఆ మాట చెప్పగానే మా అత్త దీవెనమ్మ తల అడ్డంగా ఊపింది.

"రానీ, తిననీ, ఎల్లనీ. ఆడి మొకం నాను సూడను."

"అదేం మాట అత్తా? అంత దూరం నుంచి వస్తున్నాడు."

"నా కొడుకు ఎల్లిపోనాడు, ఈడు బతికున్నాడు. మొకం సూస్తే నోటికి ఏటి వస్తాదో నాకే తెల్దు. నన్నిడిసిపెట్టు."

కొడుకు పోయాక ఆవిడ వాడి గురించి నోరు విప్పిందే లేదు. ఆవిడ నోరు తెరిచింది ఒక్క వంట దగ్గరే. శీలావతి చేప పులుసు పెట్టాల్సిందేనంది. ఊరందరూ కూర్చునే బంతిలో ముళ్ళ చేపేమిటి, కోడి వండిద్దామని నేను వాదించాను.

"ఆడికిష్టవైంది పెడితే ఆడికెట్టినట్టు. నీ కోళ్ళు నీ కాలేజీలో కోసుకో" అంది.

సరే, శీలావతే.

కూడిక మధ్యాహ్నానికి ముగిసింది. చర్చి గోడ పక్కన షామియానా వేసి, చాపలు పరిచి, అడ్డాకు విస్తళ్ళు వేశాం. రతన్ సింగ్ ప్రకాష్ వయసువాడే. కుడి చొక్కాచెయ్యి మోచేతి కింద మడిచి పిన్ను పెట్టి ఉంది. బంతి చివర గోడవారగా కూర్చున్నాడు. ఇది గుర్తుపెట్టుకోండి: అతని కుడి పక్క పాస్టరు గారు, ఎడమ పక్క గోడ. గోడకీ అతని మోకాలికీ మధ్య పులుసు బకెట్టు పెట్టడానికే నాకు చోటు చాల్లేదు.

అన్నం పెట్టి, చేప ముక్కలు వేసి, పులుసు పోశాక తట్టింది నాకు. ఒంటి చెయ్యి, అదీ ఎడం చెయ్యి, ఎన్నడూ చేప తినని మనిషి. శీలావతి కండలో ఒక కొన రెండుగా చీలిన సన్న ముళ్ళుంటాయి. మా వైపు పుట్టినవాళ్ళే తడుముకుంటూ తింటారు. అతను తల వంచుకుని ముక్కను చూస్తూ కూర్చున్నాడు. ఎవరినైనా కూర్చోబెడదామనుకునేలోగా అవతలి వరుసలో అన్నం అయిపోయిందని కేక. వెళ్ళాను.

తిరిగొచ్చేసరికి విస్తరి ఖాళీ. ముళ్ళు మాత్రం ఉన్నాయి.

ఎలా ఉన్నాయో చెబుతాను. విస్తరి అంచున వరుసగా, చిన్న ముల్లు నుంచి పెద్ద ముల్లు దాకా, కొనలన్నీ ఒకే వైపు. ఒక్కటి విరగలేదు. దేనికీ కండ అంటి లేదు.

రతన్ సింగ్ వచ్చినప్పటి నుంచి మొదటిసారి నవ్వి ఏదో అడిగాడు. నా హిందీ చాల్లేదు. మా ఆయన్ని పిలిచాను. ఆయన విని చెప్పాడు: "ఇక్కడ కూర్చుని తనకు ముళ్ళు తీసిపెట్టిన తమ్ముణ్ణి ఒకసారి పిలవమంటున్నాడు. థాంక్స్ చెప్పాలంట."

"ఎక్కడ కూర్చున్నాడట?"

అతను ఎడమ పక్కకు, గోడ వైపు చూపించాడు. మొహం చూశావా అంటే, లేదన్నాడు. సిగ్గుతో తల ఎత్తలేదట. చేతులు చూశాడట, రెండు చేతులు, మణికట్టు దాకా పులుసు.

మా ఆయన అప్పటికి విస్తరి చూశాడు. చేతిలో నీళ్ళ జగ్గు కింద పెట్టేశాడు.

కళ్ళలో పొర వచ్చి మా అత్తకు చూపు మందగించినప్పుడు, ప్రకాష్ సెలవుల్లో వచ్చి పక్కన కూర్చుని ఆవిడకు చేప ముళ్ళు తీసిపెట్టేవాడు. తీసినవన్నీ కంచం అంచున ఇలాగే పేర్చి, "తడుముకో అమ్మా, ఒక్కటి తగ్గితే నన్నడుగు" అనేవాడు. అలా పేర్చే మనిషిని నేను వాణ్ణి తప్ప ఇంకెవరినీ చూడలేదు.

నేను దేవుడా అని కూలబడలేదు. ముందు పాస్టరు గారిని నిలదీశాను.

"నువ్వే ఎవర్నో కూకోబెట్టీసినావు అనుకున్నానమ్మా, నాను అటు సూడనేదు" అన్నారు. నిజమే. విస్తరి ముందు కూర్చున్నాక ఆయనకు లోకం కనిపించదు. వడ్డించిన కుర్రాళ్ళను అడిగాను. ఎవరూ అటు వెళ్ళలేదు. ఇక మిగిలింది ఒక్కతే. అలా పేర్చడం తెలిసిన ఇంకో మనిషి మా అత్త. మనసు మార్చుకుని దొంగచాటుగా వచ్చి ఉంటుందని, పాస్టరు గారి ఇంట్లో ఆవిడ కూర్చున్న గదికి వెళ్ళాను. ఆవిడ చెల్లెళ్ళు చుట్టూ ఉన్నారు.

"అత్తా, పందిట్లోకి వచ్చావా?"

"ఈ మంచం దిగలేదే. అడుగు ఈళ్ళని."

అడిగాను. దిగలేదన్నారు. దిగినా, ఆ వణికే చేతులతో, ఆ చూపుతో సాధ్యమయ్యే పని కాదు. నేను చూసింది చూసినట్టు చెప్పాను. ఆవిడ నా భుజం పట్టుకుని లేచింది.

పందిట్లోకి వచ్చి, చాప మీద కూలబడి, విస్తరి అంచున వేలు పెట్టి చిన్న ముల్లు నుంచి పెద్ద ముల్లు దాకా తడిమింది. తర్వాత తలెత్తి ఆ అబ్బాయి మొహంలోకి చూసింది.

"కడుపు నిండినాదా నాయినా?"

మా ఆయన హిందీలో చెప్పాడు. అతను తల ఊపాడు.

"నా కొడుకు ఆ దినం తిన్నాడేటి? అడుగు. కాలీ కడుపుతో పోనాడేటి, అడుగు."

అప్పుడు అర్థమైంది నాకు. ఆవిడకు అతని మీద కోపం కాదు. ఈ ప్రశ్న అంటే భయం. ఏడాదంతా మింగలేక కక్కలేక మోసింది దీన్నే.

రతన్ సింగ్ ఆవిడ చేతిని తన ఎడం చేతిలోకి తీసుకుని మెల్లగా చెప్పాడు. ఆ ఉదయం ఇద్దరూ పొయ్యి దగ్గర కూర్చుని రొట్టెలు వేడి చేసుకుని ఒకే పళ్ళెంలో తిన్నారట. ప్రకాష్ కడుపునిండా తిన్నాడట, తింటూ చేపల పులుసు లేదని గొణిగాడట. మా ఇంటికి రా, మా అమ్మ చేతి పులుసు తినిపిస్తాను అన్నాడట. చేపంటే ముళ్ళు కదా, నాకు భయం అని ఇతనంటే, "నేను పక్కనుంటాను కదా" అన్నాడట.

మా ఆయన ప్రతి మాటా తెలుగులో చెప్పాడు. మా అత్త ఏడ్చింది. మట్టి వేసిన రోజున కూడా ఏడవని మనిషి, ఊరంతా చూస్తుండగా ఏడ్చింది. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని నా మీద విరుచుకుపడింది.

"సూస్తావేటే? అన్నం ఎట్టు పిల్లోడికి. ఇంకో ముక్క తే."

ఆ విస్తరి దాచాలని నేను చెయ్యి పెట్టాను. ఫోటో అయినా తీద్దామనుకున్నాను. మా అత్త ముందే మడిచేసింది.

"ఎంగిలి ముళ్ళు దాసుకుంటారేటి సదువుకున్నోళ్ళు! ఆడి సుట్టానికి ఆడు ఎట్టుకున్నాడు. మద్దెన నీదేటి?"

కాబట్టి రుజువు నా దగ్గర లేదు.

తర్వాత ఇంట్లో నేను కుడి చెయ్యి వెనక్కి పెట్టుకుని, ఎడం చేత్తో శీలావతి ముక్క విప్పి చూశాను. ముళ్ళు విరిగి, ముక్క పిండి పిండి అయింది. ఒకసారి కాదు, చాలాసార్లు చేశాను. ఇంట్లోవాళ్ళు నవ్వారు. అతను చూశానన్నది భ్రమే అనుకుందాం. ఆ దుఃఖంలో, పక్కనుంటానన్న ప్రకాష్ మాట గుర్తుండగా, మనసు అలాంటివి చూపిస్తుంది. ఒప్పుకుంటాను. మరి విస్తరి మీద ముళ్ళు? వాటిని చూసింది నేను.

రతన్ సింగ్ ఇప్పుడు ఆదివారం ఆదివారం మా అత్తకు ఫోన్ చేస్తాడు. అతని హిందీ ఆవిడకు రాదు, ఆవిడ తెలుగు అతనికి రాదు. ఫోన్ మాత్రం వేడెక్కేదాకా పెట్టరు. ఏం మాట్లాడుకున్నారంటే, "నీకేటికే" అంటుంది.

ఎలా జరిగిందో ఇప్పటికీ చెప్పలేను. కానీ ఆ రోజు మా గడపకొచ్చిన మనిషి ఆకలితో లేవలేదు. మా అత్త అడగాల్సింది అడిగింది, వినాల్సింది వింది. దానికి నేను రుణపడి ఉన్నాను. అందుకే పడుకునే ముందు ప్రార్థనలో, ఆ ముళ్ళు తీసిన చేతులకు వందనాలు ప్రభువా, అంటాను. ఎవరి చేతులో చెప్పను. పేరు మాత్రం నోటిదాకా వస్తుంది.