పాతర మీద బంతి మడి

మా మనవరాలు ఆ మధ్య హైదరాబాదు నుంచి ఒక విత్తనాల పొట్లం తెచ్చింది. పొట్లం మీది బొమ్మలో పువ్వుకు నడుమ గోధుమరంగు బొడిపె, చుట్టూ కిందికి వాలిన గులాబీరంగు రేకులు. కోన్‌ఫ్లవర్ అంటారట. నాటే ముందు ఆ గింజలను తడిగుడ్డలో చుట్టి నెల రోజులు ఫ్రిజ్‌లో పెట్టాలట. విత్తనాలకు చలి పెట్టించడమేమిటో! పచ్చిమిరపకాయల పక్కన నెల రోజులు కాపురం చేయించి, నిన్న వాటిని బయటికి తీసి, "ఎక్కడ వేద్దాం నానమ్మా?" అని అడిగింది. మట్టి మెత్తగా ఉన్నచోట వెయ్యమని చెప్పబోయి ఆగిపోయాను. పూల గింజలకు భయపడే ముసలిదాన్ని అది ఎన్నడూ చూసి ఉండదు.

నిజాం రాజ్యంలో అదే ఆఖరి వానాకాలం. ఆఖరిదని అప్పుడు మాకు తెలియదు. నాకు పదిహేనేళ్లు. కోదాడ దగ్గరి మా పుట్టింటి నుంచి సూర్యాపేటకు రెండు కోసుల దూరంలో ఉన్న అత్తవారింటికి కాపురానికి వచ్చి నెల కాలేదు. మా ఆయన మిర్యాలగూడలో ఒక దుకాణంలో గుమాస్తా, ఎప్పుడో తప్ప ఇంటికి వచ్చేవారు కాదు. ఇంట్లో అత్తమ్మ, మామ, నేను. వచ్చేటప్పుడు మా అమ్మ ఎండిన బంతిపూలు గుడ్డలో మూటగట్టి ఇచ్చింది. పువ్వును నలిపితే తెల్ల తోకలున్న సన్నటి నల్ల గింజలు రాలతాయి. మృగశిర కార్తెలో చల్లితే బతుకమ్మ నాటికి పూలు చేతికొస్తాయి. కొత్త ఇంట్లో నాది అని చెప్పుకోవడానికి నాకున్నవి ఆ గింజలే.

వాకిలంతా తొక్కి తొక్కి బండలా ఉంది. పశువుల కొట్టం చూరు కింద మాత్రం మట్టి పిండిలా మెత్తగా ఉంది. అత్తమ్మ పొలానికి వెళ్లిన పూట అక్కడ మడి చేసి, గింజల్లో బూడిద కలిపి చల్లాను. అక్కడ వాన పడదు కాబట్టి పొద్దున ఒక కడవ, సాయంత్రం ఒక కడవ నీళ్లు పోశాను. కొట్టం వైపు వెళ్లేది నేనే కనుక ఎవరూ గమనించలేదు. అయిదో రోజుకే మొలకలొచ్చాయి. రెండు వారాలకు వేలెడు నారయింది. అంత బాగా మొలిచిందని మురిసిపోయి అత్తమ్మను చేయి పట్టుకుని తీసుకెళ్లి చూపించాను.

ఆమె ముఖం పాలిపోయింది. "ఓ పిల్లా, గీడ ఎవ్వలు తవ్వమన్నరే నిన్ను?"

"మట్టి మెత్తగా ఉందని, అత్తమ్మా."

"మెత్తగ ఎందుకుంటదే! మేం తవ్వితేనే గద మెత్తగైంది!"

అప్పుడు చెవిలో చెప్పింది. ఆ మడి కింద పాతర ఉంది. సర్కారు లెవీ కింద పండినదంతా పట్టుకుపోతుంటే, ఏడాది తిండికని జొన్నలు గోతిలో పోసి, గడ్డి కప్పి, మన్ను మెత్తి, ఆ పైన మూరెడు వదులు మట్టి పోశారు. కొత్త కోడలికి పాతర జాడ చెప్పకూడదని మా అత్తవారి కట్టుబాటు. తెలియనిది ఎవరు కొట్టి అడిగినా చెప్పలేం కదా అని. సిపాయిలు ఇనుప చువ్వలతో ఇల్లిల్లూ తిరిగి, కొత్తగా తవ్విన నేల కనబడితే పొడిచి చూస్తున్నారు. పక్క ఊళ్లో పాతర దొరికిన ఇంటి యజమానిని సూర్యాపేటకు పట్టుకుపోయారు. తిరిగొచ్చాక ఆయన అన్నం ఎడమచేత్తో తినేవాడు. మా మామ కుడిచెయ్యి వంక చూడటానికి ఆ రోజు నుంచి నాకు ధైర్యం చాలలేదు.

నారు పీకేస్తానని ఏడ్చాను. "పీకితే ఇంకింత అనుమానమైతది. ఇగ వాకిలంత తవ్వుదం" అంది అత్తమ్మ. రెండు రోజులు ముగ్గురం తవ్వాం. పన్నెండు మళ్లు తేలాయి. పూలమొక్క మొహం ఎరగని మా మామ గడ్డపార దించి, వంగి కూర్చుని, జానెడుకొకటి చొప్పున బంతి నారు నాటాడు. అంత భయంలోనూ ఆయన ఒక్కో మొక్కను తల నిమిరినట్టు సర్దుతుంటే నాకు నవ్వొచ్చింది. నవ్వినందుకు మళ్లీ భయం వేసింది.

మూడో రోజు పొద్దెక్కాక వచ్చారు. నలుగురి చేతుల్లో తుపాకులు, ఒకడి చేతిలో చువ్వ. "యే సబ్ క్యా హై?" అన్నాడు పెద్దవాడు. "పూల్ సాబ్, పూల్... బతుకమ్మకు" అన్నాడు మామ. చువ్వ మొదటి మడిలో దిగింది. తర్వాత రెండోది. తెలుగు తెలిసిన సిపాయి నా వైపు తిరిగి, "గిన్ని పూలెందుకే?" అని గద్దించాడు. "మా ఊళ్లో ఇట్లాగే వేస్తారండీ" అన్నాను. ఆ వైపు ఎవరూ అనని నా 'అండీ'కి వాళ్లు నవ్వారు. వాళ్లు నవ్వుతుండగానే నా చీర తడిసింది. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. వెంటనే అత్తమ్మ చేతిలోని నీళ్ల కడవ నా కాళ్ల మీద ఒలికింది. "పాడు చెయ్యి, జారింది" అని తనను తాను తిట్టుకుంది. ఆమె చెయ్యి జారే మనిషి కాదు.

చువ్వ తొమ్మిది మళ్లలో దిగింది. పొద్దున్నే నేను పోసిన నీళ్లకు వాకిలంతా బురద. పెద్దవాడి బూట్లకు శేరు మన్ను అంటుకుంది. విసుక్కుంటూ బూట్లను మా గుమ్మానికి రుద్దుకుని, మిగిలిన మూడు మళ్లను చూడకుండానే వెళ్లిపోయాడు. పాతర మడి ఆ మూడింట్లో ఒకటి.

వారం తర్వాత అత్తమ్మా మామా పాతర తీశారు. నా కడవల నీళ్లు లోపలికి దిగి, పైన నాలుగో వంతు జొన్నలు నల్లబడి ముక్కిపోయాయి. తిడతారని తలవంచుకుని నిలబడ్డాను. తిట్టలేదు. మిగిలిన మంచి గింజలను ఎండబోసి, మరో చోట పాతరేశారు. పని అయ్యాక అత్తమ్మ నా చెయ్యి పట్టుకుని అక్కడికి తీసుకెళ్లి, కాలి బొటనవేలితో నేల మీద గీత గీసి, "గీడ. ఇగ నీకు ఎరుకే. సచ్చినా చెప్పకు" అంది.

ఆ రోజుతో నేను ఆ ఇంటిదాన్నయ్యాను. ఆ రోజు నుంచే అసలు భయం మొదలైంది. అంతకు ముందు పట్టుకుని అడిగినా తెలియదని ఒట్టేసి చెప్పగలిగేదాన్ని. ఇక అబద్ధమాడాలి, మామ చెయ్యి నా నాలుక మీద ఆధారపడి ఉంది. వీధిలో కుక్క మొరిగితే నోటికి కొంగు అడ్డుపెట్టుకునేదాన్ని. రెండు నెలలకు ఆ రాజ్యమే పోయింది. దాచినవాళ్లు పోయారు, వెతికినవాళ్లూ పోయారు. ఆ చోటు ఎక్కడో ఇక్కడ రాద్దామని రెండుసార్లు కలం పెట్టాను, రెండుసార్లూ చెయ్యి ఆగిపోయింది. నాకు ఎనభై దాటాయి, ఆ భయానికి మాత్రం ఇంకా పదిహేనేళ్లే.