జారేపిల్ల మొక్కు

ఆ పిల్ల ఆట మానేస్తోందని నాకు తెలిసింది ఫ్యాక్టరీలో, చల్లగది తలుపు దగ్గర. మాది బంగారుపాళ్యం. హైవే పక్కనున్న మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో గుజ్జు తీపి, పులుపు చూసి రాసే పని నాది. గడ్డకట్టించిన గుజ్జు డబ్బాలుండే గదిలోకి పోవాలంటే స్వెటరు, మంకీ క్యాపు, చేతులకు తొడుగులు వేసుకోవాలి. అవన్నీ వేసుకుని, లోపలికి పోయేముందు ఒక్కసారి ఫోన్ చూద్దామనుకున్నాను. చిన్న వీడియో. ఆ పిల్ల కుర్చీలో కూర్చుని ఉంది. చీలమండకు పట్టీ. ఇక పోటీల్లో దిగననీ, వచ్చే సీజను నుంచి మైకు ముందు కూర్చుని వ్యాఖ్యానం చెబుతాననీ నవ్వుతూనే చెప్పింది.

నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాతో పని చేసే ఆమె కంగారుపడి, "ఏమ్మే, ఎవురికేమైంది? ఇంటికాడ అందురూ బాగుండారా?" అని చేయి పట్టుకుంది. ఎవరికేమైందని చెప్పను? బూట్లకు బ్లేడ్లు కట్టుకుని మంచు మీద ఆడే పరాయిదేశం పిల్ల. నేనంటూ ఒకదాన్ని ఉన్నానని కూడా దానికి తెలియదు. తలనొప్పి అని చెప్పి తప్పించుకున్నాను. నిజానికి అప్పుడు నా తలలో ఉన్నది ఒకే ఒక్క మాట. మొక్కు తీర్చలేదు.

ఇదంతా మా అత్త వల్ల మొదలైంది. ఆమె స్నానాలగదిలో జారిపడి, తుంటి ఎముక విరిగి మంచాన పడిన రోజుల్లో టీవీ రిమోట్ ఆమె చేతికిచ్చేశాం. "సీరియళ్ళలో ఏడుపులు సూసి సూసి నాకే ఏడుపొస్తా ఉండాది" అని విసుక్కుంటూ ఛానెళ్ళు తిప్పుతుంటే, ఒక రోజు మంచు మీద ఆట తగిలింది. ఆ పిల్ల అప్పటికి బాగా చిన్నది. గాలిలోకి ఎగిరి గిర్రున తిరిగింది, దిగేటప్పుడు కాలు తప్పి ధబీమని పడింది. మా అత్త "అయ్యో నా తల్లీ" అని మంచంలోంచి లేవబోయి, తుంటి కలుక్కుమని కేక పెట్టింది. పడిన పిల్ల మాత్రం లేచి, గౌనుకంటిన మంచు దులుపుకుని, పాట ఎక్కడిదాకా వచ్చిందో అక్కడ అందుకుంది.

"సూడు మే, ఏమీ కానట్టు ఎట్ట లేసిందో! పడితే అట్ట లెయ్యాల" అంది అత్త.

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఆమె పేరు జారేపిల్ల. అత్త వాకర్ పట్టుకుని మొదటి అడుగు వేసింది కూడా ఆ పిల్ల పేరు చెప్పుకునే. నేను అంతకంటే ముదిరిపోయాను. గుజ్జు సీజను లేని నెలల్లో ఫోన్‌లో పాత పోటీలన్నీ వెతికి చూసేదాన్ని. ఏ గెంతుకు ఏ పేరో నేర్చుకున్నాను. మా ఆయన స్కూటర్లు బాగుచేసే షెడ్డు నుంచి వచ్చి, "అన్నం పెడతావా, లేదంటే నన్నూ జారమంటావా?" అనేవాడు. ఒకసారి చల్లగదిలో ఎవరూ లేనప్పుడు, తలుపు దగ్గర పేరుకున్న మంచు మీద రబ్బరు చెప్పులతో జారి చూశాను. ఒక కాలు వెనక్కి ఎత్తాను కూడా. అంతే, వెల్లకిలా పడ్డాను. లేచి బయటికొచ్చి, ఇక్కడ నేల శుభ్రం చేసే దిక్కే లేదా అని సూపర్‌వైజరుతో గొడవ పెట్టుకున్నాను. పాపం, అతను క్షమించమన్నాడు.

నాకు పడనిది ఆ వ్యాఖ్యాతలే. కుర్చీలో వెచ్చగా కూర్చుని, పిల్ల పడగానే పెద్దగా నిట్టూర్చి, ఎక్కడ తప్పు చేసిందో విడమరిచి చెప్పేవాళ్ళు. నువ్వు దిగి చూడు తెలుస్తుంది అని టీవీని తిట్టేదాన్ని.

ఇక మొక్కు సంగతి. అది పెద్ద పోటీ. మాకు సాయంత్రం పూట వచ్చింది. ముందు రోజు ఆ పిల్ల పడింది, అందుకని ఈ రోజు పడకుండా నిలబడితేనే ఏదైనా దక్కేది. పాట మొదలయ్యేముందు కెమెరా ఆమె మొహాన్ని దగ్గరగా చూపించింది. పెదవులు వణుకుతున్నాయి. నేను చేతిలో గరిటె వదిలేసి చేతులు జోడించాను. "స్వామీ, ఈ పిల్ల పడకుండా ఆట ముగిస్తే అలిపిరి నుంచి నడిచొచ్చి తలనీలాలిస్తా" అని పైకే అనేశాను. మూడు కత్తెర్లని అని ఉంటే సరిపోయేది. మా వైపు ఆడవాళ్ళం చాలామంది అంతే ఇస్తాం, కురుల కొసన మూడుసార్లు కత్తెర పడితే మొక్కు తీరినట్టే. తొందరలో నేను తల మొత్తం ఒప్పేసుకున్నాను.

ఆ పిల్ల పడలేదు. చేయి కూడా మంచుకు ఆనలేదు. ఆట ముగిసి రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది. మూడో బహుమతి వచ్చింది. అత్తా నేనూ ఒకరినొకరం పట్టుకుని ఏడ్చాం, చిక్కుడుకాయ కూర మాడిపోయింది. రాత్రికి మా ఆయన పెరుగన్నం తిని పడుకున్నాడు.

మరునాటి నుంచి నేను సాకులు వెతకడం మొదలుపెట్టాను. ఫ్యాక్టరీకి తోతాపురి కాయలు దిగుతున్నాయి, సెలవు దొరకదు. మా ఆడపడుచు కూతురి పెళ్ళి ఉంది, గుండుతో ఫొటోల్లో ఎట్లా నిలబడేది? ఎండలు, మెట్లు కాలుతాయి. వానలు, మెట్లు జారుతాయి. అత్త మొదట్లో "మొక్కు ఎప్పుడు తీరుస్తావు మే?" అని అడిగేది. "పోతాలే అత్తా" అనేదాన్ని. తరువాత అడగడం మానేసింది.

అసలు కారణం నా జడ. నాకు ఎత్తుపళ్ళు, చామనఛాయ కంటే ఒక పాలు ఎక్కువ నలుపు. చిన్నప్పటి నుంచి నలుగురూ నాలో మెచ్చుకున్నది జుట్టొక్కటే. నడుము దాటే జడ. పెళ్ళిచూపుల్లో మా అత్త కూడా మొదట చూసింది దాన్నే. ఇంకొకటి, గుండు చేయించుకుని వస్తే ఊళ్ళో ప్రతి ఒక్కరూ ఏం మొక్కని అడుగుతారు. బిడ్డకు జబ్బు చేసిందనో, ఇల్లు కట్టామనో చెప్పేవాళ్ళున్నారు. టీవీలో పిల్ల కోసమని నేనెట్లా చెప్పేది? నవ్వుతారు. ఆ నవ్వుకు భయపడ్డాను.

మధ్యలో ఒకసారి కళ్ళజోడు కోసం తిరుపతి పోయాను. ఆటో అలిపిరి దారిన పోయింది. మెట్లకు పసుపు కుంకుమ పెట్టుకుంటూ ఎక్కడానికి జనం బయలుదేరుతున్నారు. నేను తల ఇటు తిప్పుకుని, ఆటో అతనితో ఛార్జీ గురించి అనవసరంగా వాదన పెట్టుకున్నాను. దేవుడికి మొహం చాటేసి ఇంటికొచ్చి కొత్త కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ ఆ పిల్ల ఆటే చూశాను. సిగ్గు లేకుండా.

అందుకే ఆ రోజు ఆ చీలమండ పట్టీ చూడగానే నాకు ఆ మొక్కే గుర్తొచ్చింది. సాధన చేస్తుంటే మడత పడిందట, ఎన్నాళ్ళకూ నయం కావడం లేదట. ఆమె చేత ఆడించుకుని, గెలిపించుకుని, ఇస్తానన్నది ఎగ్గొట్టింది నేను. దెబ్బ తగిలింది ఆమె కాలికి.

ఇంటికెళ్ళి చెప్తే మా ఆయన పడీపడీ నవ్వాడు. "నీ జుట్టుకూ ఆ పిల్ల కాలికీ ఏం సంబంధమే? ఆ దేశంలో దేవుళ్ళు లేరా? మన సామి అంత దూరం పోయి కాళ్ళు మడతపెడతాడా, ఆయనకు వేరే పని లేదా?" అన్నాడు. అతను చెప్పింది సబబే. నేను సైన్సు చదువుకున్నదాన్ని, రోజంతా కొలతలతో పని చేసేదాన్ని. అయినా అన్నం సగంలో వదిలేసి చేయి కడుక్కున్నాను.

అత్త నన్ను తిట్టి ఉంటే ఎదురు చెప్పి తేలికపడేదాన్ని. ఆమె తిట్టలేదు. "పాపం, దానికి తెలీనే తెలీదు కదా, దాని పేరు మింద ఈడ ఒక మొక్కు ఉండాదని. తెలిస్తే అదే తీర్చుకునుండేది" అంది. నాకు అక్కడినుంచి లేచి వెళ్ళిపోవాలనిపించింది.

ఆ వారమే బయలుదేరాం. తెల్లారి బస్సు పూతలపట్టు దాటుతుంటే మా ఆయన నా జడ కొస పట్టుకుని చూసి వదిలేశాడు. అలిపిరిలో నడక మొదలుపెట్టాక మాత్రం నోరు మూయలేదు. "ఆ జారేపిల్లకేం, సర్రున జారిపోతాది. ఎక్కేది మనం కదా" అని మెట్టు మెట్టుకూ మోకాళ్ళు పట్టుకున్నాడు. నాకు నవ్వొచ్చింది. నవ్వినందుకు మళ్ళీ తప్పు చేసినట్టు అనిపించి, గోవిందా గోవిందా అంటూ ముందుకు నడిచాను.

పైన కళ్యాణకట్టలో గుండు చేసే ఆమె నా జుట్టు తడిపి, రెండు పాయలుగా ముడేసింది. "ఇంత జుట్టు! ఎవురి కోసరమ్మా?" అని అడిగింది.

"మా పాప కోసం."

నాకు పాప లేదు. ఉన్నది ఒక్క కొడుకు, వాడు హాస్టల్లో ఉన్నాడు. స్వామి సన్నిధికి వచ్చి కూడా అబద్ధమాడానే అనుకున్నాను. కానీ ఆ మాట నోట్లోంచి వచ్చినప్పుడు అబద్ధంలా అనిపించలేదు.

"ఏమైంది బిడ్డకు?"

"కాలు."

"నయమైపోతాదిలే" అని ఆమె కత్తి పెట్టింది. తడి జుట్టు ఒళ్ళో పడింది. ఇన్నాళ్ళూ దీనికోసమా అనిపించింది. క్షమించు తల్లీ అని ఆ పిల్లతోనే అన్నాను, దేవుడితో కాదు. కళ్ళు మూసుకుంటే ఆమె కనిపించింది, చేతులు మొహానికి అడ్డం పెట్టుకుని.

తరువాతి రోజుల్లో ఫ్యాక్టరీలో మంకీ క్యాపు తీయకుండా తిరిగాను. గుజ్జు ఉడికే చోట కూడా తీయలేదు. అందరూ అడిగారు. ఏదో ఒకటి చెప్పాను.

కొత్త సీజను మొదలైంది. మొదటి పోటీకి అత్తా నేనూ ముందే టీవీ ముందు చేరాం. నా తల మీద అప్పుడప్పుడే నల్లగా మొలకలొస్తున్నాయి. తెర మీద కుర్చీలో ఆమె, నీలం కోటు, చెవికి మైకు. గొంతు ఇంత మెత్తగా ఉంటుందని నాకు తెలియదు. ఇన్నేళ్ళలో ఆమె మాట్లాడగా నేను విన్నది చాలా తక్కువ. ఎవరో చిన్నపిల్ల ఎగిరి కిందపడింది. పక్కనున్న పెద్దాయన అలవాటుగా నిట్టూర్చాడు. ఆమె నిట్టూర్చలేదు. "చూస్తూ ఉండండి, లేస్తుంది" అంది. నేను అత్తకు తెలుగులో చెప్పాను. అత్త కళ్ళు తుడుచుకుంది.

మధ్యలో మంచు చదును చేయడానికి ఆట ఆపినప్పుడు ఆ పెద్దాయన అడిగాడు, కాలి దెబ్బ లేకపోతే ఇంకా ఆడేదానివా అని. ఆమె నవ్వింది. లేదంది. ఆ మూడో బహుమతి వచ్చిన రోజే, ఆట ముగించి మొహం దాచుకున్నప్పుడే, ఇక చాలని అనుకున్నానంది. ఆ తరువాత ఆడిందంతా ఇంట్లోవాళ్ళకూ కోచ్‌కూ చెప్పే ధైర్యం లేకేనంది. కాలు మడతపడితే బాధ కన్నా ముందు హమ్మయ్య అనిపించిందంది. ఇంతకాలం ఎవరికీ చెప్పుకోలేక తప్పు చేసినట్టు తిరిగానంది.

అంటే నేను చేతులు జోడించిన ఆ సాయంత్రమే ఆమె మనసులో అంతా అయిపోయింది. నా మొక్కు తీరినా తీరకపోయినా ఆమె ఆ కుర్చీలోకే వచ్చేది. నా గుండుకూ ఆమె కాలికీ నిజంగానే ఏ సంబంధమూ లేదు. నాకు ప్రాణం తేలికపడాలి. పడలేదు. తప్పు నాది కాదని తేలిపోయింది, దాంతోపాటే ఆ పిల్ల కూడా నాకేమీ కాదని తేలిపోయింది. ఇన్నాళ్ళూ కడుపులో మోసిన ఆ తప్పే ఆమెకూ నాకూ ఉన్న ఒక్క చుట్టరికం. బోడి తల మీద చేయి పెట్టుకుని, పరాయి ఇంట్లో భోజనాల వేళకు పిలవకుండా వచ్చినదానిలా కూర్చున్నాను.

అత్తకు ఇంగ్లీషు రాదు. నా మొహమే చూస్తోంది.

"ఏమంటా ఉండాది మే? కాలు గురించేనా?"

ఉన్నది ఉన్నట్టు చెప్పొచ్చు. ఆమె బాధపడినా ఒక పూటే పడుతుంది.

"కాలు బాగైపోయిందంట అత్తా. ఇప్పుడు నొప్పే లేదంట."

అత్త టీవీ వైపు తిరిగి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. తరువాత నా దగ్గరికి జరిగి, గరుకు తేలిన నా గుండును అరచేత్తో నిమిరింది.

"బాగవదా మరి" అంది.