పెరుగు పోసే వేళ

మొన్నామధ్య నేను చదివిన కాలేజీ వాళ్లు పిలిచి, చదువుకుంటూ పనిచేస్తే ఎలాంటి మంచి అలవాట్లు వస్తాయో పిల్లలకి చెప్పమన్నారు. శాలువా కప్పించుకున్న మనిషి నిజం చెబితే బాగుండదు కాబట్టి, టైమ్ మేనేజ్‌మెంట్ అన్నాను. చప్పట్లు కొట్టారు. నిజానికి నేను నేర్చుకున్నదల్లా పెరుగు ఎప్పుడు పోయాలన్నదే.

రాజమండ్రిలో డిగ్రీ చదివే రోజుల్లో, పెళ్లిళ్ల సీజన్లో ఆదివారాలు క్యాటరింగ్‌లో వడ్డనకి వెళ్లేవాణ్ణి. ఇంట్లో పర్సనాలిటీ డెవలప్‌మెంట్ క్లాసులని చెప్పాను. అది అబద్ధమని ఇప్పటికీ అనుకోను. పెళ్లివారి చేత తిట్లు తింటూ, నవ్వుతూ "ఇంకొంచెం వేయించుకోండి" అనడం ఏ క్లాసులో నేర్పుతారు? దాచడానికి కారణం మా నాన్న. ఆయన రైతు. మనం బంతిలో కూర్చునేవాళ్లమే కానీ వడ్డించేవాళ్లం కాదని ఆయన సిద్ధాంతం. పెళ్లి భోజనం ఉందంటే పొద్దున్న టిఫిన్ కూడా మానేసే మనిషి.

ఓసారి పెద్దాపురంలో పెళ్లి. పప్పు గిన్నెతో మగపెళ్లివారి బంతిలోకి దిగానో లేదో, ఎదురుగా మా నాన్న. పక్కనే మా ఊరి పెద్దమనిషి. ఊళ్లో ఎవరికెంత పరువుందో తేల్చేది ఆయనే. వడ్డించేవాడి మొహం ఎవరూ చూడరు, గరిటె వంకే చూస్తారు. అందుకని పెద్దమనిషి నన్ను పోల్చుకోలేదు. మా నాన్న పోల్చుకున్నాడు. తల దించుకుని ఆకులో ఆవకాయ సర్దుకోసాగాడు.

వాళ్లని త్వరగా లేపెయ్యాలి, అంతే నా ఆలోచన. పెరుగు బకెట్టు అందుకున్నాను. గుత్తివంకాయ రాలేదు, పనసపొట్టు కూర రాలేదు, పులుసు రాలేదు. మా నాన్న ఆకులో పెరుగు పోసేశాను.

మా వైపు పెరుగు పోయడమంటే ఇక లేవండని చెప్పడమే. పెద్దమనిషి చెయ్యి ఆగిపోయింది.

"ఏంటండీ ఇది? పిలిచి, పప్పుతోనే లేపేస్తారా? మగపెళ్లివారంటే అంత అలుసా?"

బంతంతా చేతులు ఆపేసింది. వాళ్లు లేచిపోతే నా పని ఊడటం ఖాయం. నేనెవడినో ఆరా తీస్తే మా నాన్న పరువూ దాంతోపాటే. క్యాటరింగ్ ఆయన పరుగున వస్తున్నాడు.

"నేనే అడిగానండి," అన్నాడు మా నాన్న. "పొద్దుట్నుంచీ కడుపులో మంట. పెరుగన్నం చాలు నాకు."

పెద్దమనిషి చల్లబడి, ఆ తర్వాత అన్ని కూరలూ మారు వేయించుకున్నాడు. పనసపొట్టు కూర తన ఆకు దాటి వెళ్తుంటే మా నాన్న దాని వంక చూసిన చూపు ఇప్పటికీ నా కళ్లలోనే ఉంది. నాకు ఏడుపొచ్చింది. అయినా నవ్వుతూనే వడ్డించాను. మంచి అలవాట్లంటే ఇవే కాబోలు.

సాయంత్రం ఇంటికెళ్లేసరికి ఆయన కంచం ముందు కూర్చుని ఉన్నాడు.

"పెళ్లి భోజనం చేసొచ్చి మళ్లీ అన్నమేంటండీ?" అంది అమ్మ.

ఆయన కూర ఇంకోసారి వేయించుకున్నాడు. అమ్మ పెరుగు తెస్తే మాత్రం చెయ్యి అడ్డం పెట్టాడు. తర్వాత నా వంక చూడకుండానే అడిగాడు.

"వచ్చే ఆదివారం క్లాసుందా?"

"మీరు వద్దంటే మానేస్తాను నాన్నా."

"వెళ్లు. పెరుగెప్పుడు పొయ్యాలో నేర్చుకునేదాకా మానకు."