కరెంటుకు సీజన్ లేదు

2002లో బోధన్ దగ్గర ఊకతో కరెంటు తీసే ప్లాంటు ఒకటి కొత్తగా వచ్చింది. బొగ్గు పని లేదు. రైస్‌మిల్లుల్లో మిగిలే వడ్ల ఊకను బాయిలర్‌లో కాల్చి, ఆ ఆవిరితో టర్బైన్ తిప్పుతారు. నిజామాబాద్ గంజ్ బజారులో కిరాణా కొట్టు గల్లాపెట్టె పక్కన పెరిగిన నాకు ఆవిరంటే చాయ్ గిన్నె మీదిదే తెలుసు. అయినా ఊక సప్లయ్ కాంట్రాక్టు పట్టాను. బేరంలో నా నోరు నాకంటే ముందు నడుస్తుంది కాబట్టి, బాయిలర్ మనుషుల్ని తెచ్చే పని కూడా నెత్తికెత్తుకున్నాను.

మనుషులకు కొదువ లేదు. చక్కెర ఫ్యాక్టరీలో పని తగ్గాక, చెరుకు పిప్పి మంట మీద ఆరితేరిన ఫైర్‌మెన్ ఖాళీగా ఉన్నారు. రుద్రూర్ వైపు నుంచి దావీదన్న తన జట్టుతో వచ్చాడు. ఒక్క షిఫ్టు చూసి ప్లాంటు మేనేజర్ ఒప్పుకున్నారు.

మార్చిలో షట్‌డౌన్ ఇచ్చారు. అంటే ట్యూబుల్లో పేరుకున్న బూడిద తీయడానికి బాయిలర్‌ను ఆపడం. ఆ పని ముగిసిన మర్నాడు మేనేజర్ ఫోన్ చేశారు.

"మీవాళ్లు ఒక్కడూ రాలేదండీ! పోతూ పోతూ వాచ్‌మన్‌కి పేడాలు కూడా ఇచ్చారట. రేపటికి మంట వెలగకపోతే బయటి జట్టును దింపుతాను. వీళ్లకిక ఈ గేటు మూసినట్టే."

పేడాలనగానే నాకు అర్థమైంది. చెరుకు ఆడటం ముగిశాక బాయిలర్ కడిగి, మిఠాయి పంచి, ఊళ్లకు పోయి సేద్యం చూసుకోవడం ఫ్యాక్టరీవాళ్ల ఆనవాయితీ. బాయిలర్ చల్లబడితే సీజన్ అయిపోయినట్టే. ఇక్కడ అలా కాదని చెప్పాలన్న ఆలోచన మాలో ఎవరికీ రాలేదు.

స్కూటరేసుకుని వెళ్లేసరికి దావీదన్న పొలంలో నీళ్లు కడుతున్నాడు.

"రా సేటూ! దసరా దాటినంక కలుస్తమనుకున్న."

"దసరా దాకా ఊరంత చీకట్ల కూసోవాల్నా అన్నా? కరెంటుకు సీజన్ లేదు. రేపు రాకుంటే నీ నౌకరీ ఇంకోనికి ఇస్తరు."

అతని చేతిలో పార ఆగిపోయింది. ఏడాది పొడవునా జీతమొచ్చే పని ఆ ఇంట్లో అదే మొదటిది. గట్టు మీదున్న అతని భార్య రూతక్క మాత్రం ఆగలేదు.

"మరి చెరుకెవరు నాటాలె? మీ మేనేజరు ప్యాంటు మడిచి దిగుతడా? నువ్వు దిగుతవా?" నా పొట్ట వంక ఓసారి చూసింది. "నువ్వు దిగితే మళ్ల బయటికి గుంజుటానికి ఎడ్లు గావాలె."

 ఆమె అడిగింది న్యాయమే. మా కొట్టులో భోజనాలకని ఏనాడూ షట్టర్ దించలేదు. అన్నదమ్ములం వంతులవారీగా తినడానికి లేచేవాళ్లం. అదే చెప్పాను.

"సగం మంది పొలంల, సగం మంది పొయ్యి కాడ. తక్కువపడ్డ చేతులకు కొత్తోళ్లను పెట్టిస్త."

"సారు ఒప్పుకుంటడా?" అన్నాడు దావీదన్న.

"ఒప్పియ్యకపోతే నేనేం దుకాణపోణ్ని?"

మధ్యాహ్నానికి మేనేజర్ ముందున్నాను.

"మనుషుల్ని తగ్గించమని పైవాళ్లంటుంటే మీరు పెంచమంటారేమిటండీ?"

"బయటి జట్టుకు ఈ ఊక మంట అలవాటయ్యేదాకా టర్బైన్ ఆపుకుంటారా సార్? వంతు మార్చుకోవడానికి ఇంకో పూర్తి జట్టును రిలీఫ్‌గా ఇవ్వండి."

ఆయన గింజుకుని, చివరకు సగం జట్టుకు ఒప్పుకున్నారు. నాకు కావలసింది కూడా అంతే. తెగ్గొడతారనే రెట్టింపు అడిగాను.

మర్నాడు దావీదన్న సగం మందితో వచ్చి మంట వెలిగించాడు. రిలీఫ్ వాళ్లు చందూర్ నుంచి వచ్చి, అతని దగ్గరే పని నేర్చుకున్నారు.

ఎన్ని మెగావాట్లకు ఎన్ని ఉద్యోగాలని పెద్దవాళ్లు లెక్కలు వేస్తారు. ఆ తర్వాత నేను ఎన్నో ప్లాంట్లకు మనుషుల్ని పంపాను. పని కోసం వచ్చిన ప్రతివాణ్నీ ముందు అడిగేది ఒకటే: "నీకు పొలముందా? నాట్లెప్పుడు?" దాన్నిబట్టే, వాళ్లు పొలానికి పోయినప్పుడు ఆ వంతుకు ఇంకెంతమందికి పని ఇప్పించగలనో తెలుస్తుంది.