నీరు దిగిన రోజు

మా డాక్టరమ్మ పోయారని పోయిన ఆదివారం చర్చి నుంచి బయటికి వస్తుండగా తెలిసింది. నంద్యాలలో ఏళ్ల తరబడి కాన్పులు చేసిన మనిషి. ఆళ్లగడ్డలో బడి పంతులమ్మనైన నాకు ఆమె చుట్టం కాదు. అయినా ఆ మాట వినగానే నా చెయ్యి పక్కనున్న కూతురి భుజాన్ని గట్టిగా పట్టుకుంది.

మొదటి కాన్పులో కొడుకు బాగానే పుట్టాడు. రెండో బిడ్డ ఏడో నెలలో ఒళ్లంతా నీరు పట్టి కడుపులోనే పోయాడు. ఎందుకో ఎవరూ చెప్పలేదు. మూడోసారి నెల తప్పాక డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను.

"నీది నెగటివ్ రక్తం, మీ ఆయనది పాజిటివ్. నీ ఒళ్లు బిడ్డ రక్తాన్ని పరాయిదనుకోని విరగ్గొడతాంది. మొదటి కాన్పప్పుడే ఒక సూది పడాల్సింది" అన్నారు.

"అయితే నా వల్లే పోయినాడా మేడం?"

"ఆ మాట ఇంకోసారి అన్నావంటే బయటికి పంపిస్తా."

అట్లా ఉండేది ఆమె ఓదార్పు. స్కాన్‌కు పూసే జెల్ చల్లగా తగలకూడదని ముందు అరచేతుల్లో రుద్దుకునేవారు. తెర చూస్తూ కూనిరాగం తీసేవారు. ఆరో నెలలో ఒకరోజు ఆ రాగం మధ్యలో ఆగిపోయింది.

"బిడ్డ పొట్టలో నీరు చేరతాంది. బిడ్డకు రక్తం బాగా తగ్గింది. హైదరాబాదు పోవాల. ఇప్పుడే."

మా అత్త తలుపు దగ్గరే కూలబడింది. "ఆ బిడ్డ ఎట్లాగూ దక్కదు. దీన్నన్నా మిగలనీండి తల్లీ" అని ఏడ్చింది. మా ఆయన చివరికి, "బతుకుతాదా మేడం?" అన్నాడు.

"తెల్దప్పా. బతుకుతాదని చెప్తే అబద్ధమైతాది. ఊరికే కూర్చుంటే మాత్రం బతకదు."

దారి పొడుగునా ఆమె ఫోన్లే. "యాడున్నారు? కర్నూలు దాటినారా? కడుపులో కదులుతాందా?" కదలడం లేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

హైదరాబాదులో నా పొట్టలోంచి బొడ్డుతాడులోకి సన్నటి సూది దించి, బిడ్డకు రక్తం ఎక్కించారు. తర్వాత ఇంకా కొన్నిసార్లు ఎక్కించారు. ఎనిమిదో నెలలో ఆపరేషన్ చేసి తీశారు. ఏడుపు వినపడలేదు. పాపను నాకు చూపించకుండానే గొట్టం వేసి ఊపిరి అందించారు, పొట్టలో నీరు తీశారు, ఒంట్లో రక్తం మార్చారు, కామెర్లు తగ్గడానికి నీలం లైటు కింద పెట్టారు. తొలిసారి చూసినప్పుడు ఒళ్లంతా నీటితో ఉబ్బి, చర్మం బిగుసుకుని మెరుస్తోంది. కళ్లు తెరవడానికి కూడా చోటు లేదు.

ఇంటికి తెచ్చుకున్నాకా భయం వదల్లేదు. పాప ఒళ్లు సొంతంగా రక్తం పట్టేదాకా నంద్యాలలో వారం వారం పరీక్షలు. మధ్యలో ఒకసారి మళ్లీ రక్తం ఎక్కించాల్సి వచ్చింది. "గెల్చినామని అప్పుడే అనుకోవద్దు" అనేవారు డాక్టరమ్మ. ఆ ఫలితాలు బాగున్నాయని తేలాకే ఆమె నాకు మొదటిసారి టీ ఇచ్చారు.

కానీ డాక్టరమ్మ అనగానే నాకు గుర్తొచ్చేది పాప ఇంకా హైదరాబాదు ఆసుపత్రిలో ఉన్నప్పటి ఒక మధ్యాహ్నం. చెప్పకుండానే రైలెక్కి వచ్చారు. నేను అద్దం అవతల ఉన్న పాపను చూపించి, "చిక్కిపోయింది మేడం" అని ఏడ్చాను.

"చిక్కలేదే పిచ్చిదానా, నీరు దిగింది. పాదం చూడు, ముడతలు పడినాయి."

చెప్పులు గుమ్మం బయట విడిచి, సంచీ భుజానే ఉంచుకుని, చల్లటి నేల మీద ఒట్టి కాళ్లతో ముందుకు వంగి, బొటనవేలంత ఉన్న ఆ పాదాన్ని కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ మళ్లీ చూస్తూ ఆమె చాలాసేపు అట్లాగే నిలబడ్డారు.