అమ్మమ్మ పళ్ళపొడి, నా పిస్తోలు

పిస్తోలు పేలితే ప్రమాదమని అందరికీ తెలుసు. పేలకపోతే ఎంత ప్రమాదమో ఈ భూమ్మీద నాకొక్కడికే తెలుసు. ఆ ఘోరం చెప్పడానికే కూర్చున్నాను. తిట్టదలుచుకుంటే చివర్లో తిట్టండి, మధ్యలో మాత్రం లేచిపోకండి.

అవి యుద్ధం రోజులు. అనకాపల్లిలో ఒక బెల్లం షావుకారు దగ్గర గుమాస్తాగా ఉండేవాణ్ణి. దేవరాపల్లి, గొలుగొండ వైపు రైతులకు పైకం పట్టుకెళ్ళి ఇచ్చి రావడం నా పని. దారిలో దొంగల భయమని షావుకారు సిఫారసు చేసి నా పేర పిస్తోలు లైసెన్సు ఇప్పించాడు. డబ్బు భద్రంగా ఉండాలని ఆయన ఆలోచన. నా ఆలోచనంతా మునగపాకలో ఉండేది. అక్కడ మా మేనమామ అప్పన్న గారి కూతురు రమణమ్మ ఉంది.

చెరకు తోటల మీద పడే అడవిపందుల్ని కొట్టడంలో మావయ్యది పెద్ద పేరు. తుపాకీ ఆయన చేతిలో ఒక వేలులా ఉండేది. పిల్లనివ్వమని మా అమ్మ అడిగినప్పుడల్లా ఒకటే మాట. "ఆడికి కుదురు నేదే అక్కా. కూకున్నసోట కూకోడు. అలాటోడికి పిల్లనెలాగిత్తాను?"

నిజమే. నాకు కుదురు లేదు. అన్నం తింటూ లేచి వీధిలోకి చూసి వచ్చే రకం. అయితే పిస్తోలున్న మనిషిని ఎవరు కాదంటారు అనుకున్నాను. దానికోసం విశాఖపట్నం వెళ్ళాను.

తుపాకీల కొట్టాయన నన్ను ఎగాదిగా చూశాడు. "ఏం కట్టుకుంటావు రోజూ?"

"పంచె, లాల్చీ."

"అయితే ఈ చిన్నది తీసుకో. పంచె కట్టులో పెద్దది నిలవదు. దాచుకోవడానికి కదా?"

ఆ చిన్నది చూస్తే నాకు అడకత్తెర గుర్తొచ్చింది. దాన్ని మావయ్యకు చూపిస్తే వక్క కత్తిరించి పెట్టమంటాడు. అందుకని గొట్టం పొడుగ్గా ఉన్నది తీసుకున్నాను. అక్కడితో ఊరుకున్నానా? కొమ్ముపని చేసే ఆయన దగ్గరికెళ్ళి పిడికి కొమ్ము తొడిగించి, దాని మీద నెమలిని చెక్కించాను. ఎవరికీ కనబడకుండా దాచుకునే వస్తువుకు నెమలి ఎందుకని మీరు అడుగుతారు. నన్నప్పుడు అడిగినవాళ్ళు లేరు.

ఇక దాచడం. మొదట బొడ్డు దగ్గర పంచె మడతలో దోపాను. బెల్లం మార్కెట్లో ఒక రైతుకు వంగి దండం పెట్టేసరికి అది జారి తొడ దాటి మోకాలి దగ్గర ఆగింది. రెండు చేతులతో మోకాలు పట్టుకుని కుంటుకుంటూ కొట్లోకి నడిచాను. దారి పొడుగునా పరామర్శలే. "కాలు బెణికినాదేటి బావా? ఆందం నూనె రాయి."

ఆ తర్వాత దర్జీ చేత చంక కింద లోపలి జేబు పెట్టించి కోటు కుట్టించుకున్నాను. మే నెల ఎండలో కోటు.

"ఏటి బావా, జొరమా?"

"కాదు."

"మరి కోటేటి?"

"ఊరికే."

"ఓహో, పిస్తోలుకా."

ఊళ్ళో పిస్తోలు సంగతి తెలియనివాళ్ళు లేకుండా పోయారు. పైగా నాకు అది ఉందో లేదో అనే అనుమానం. మాట మాటకీ చంక తడుముకునేవాణ్ణి. గజ్జి అనుకుని కొందరు దూరంగా కూర్చునేవారు.

యుద్ధం మూలాన కొత్త తూటాలు దొరకలేదు. వాడేసిన తూటా తొడుగుల్లోనే మళ్ళీ మందు కూరి నింపుకోవాలి. కొట్టాయన ఎలా చెయ్యాలో చూపించి, కాస్త మందు ఇచ్చి, మరీ మరీ చెప్పాడు. "మందు దగ్గర నిప్పు ఉండకూడదు. పక్కన ఇంకో డబ్బా ఉండకూడదు. డబ్బా మీద పేరు రాయాలి. తొందరపడకూడదు." వీటిలో మొదటిది మాత్రం అనకాపల్లి దాకా నాతో వచ్చింది. మిగతావి విశాఖపట్నంలోనే ఉండిపోయాయి.

ఇంటికొచ్చి నిప్పు లేని చోటు వెతికాను. వంటింట్లో పొయ్యి. నడవలో దీపం. అరుగు మీద అమ్మమ్మ, ఆవిడ నోట్లో చుట్ట. చివరికి పెరట్లో నుయ్యి కనబడింది. ఇంట్లో నిప్పుకు అంతకంటే దూరమైన చోటు లేదు. మందు డబ్బాను నూతి గట్టు మీద పెట్టి, నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆ గట్టు మీద అప్పటికే అమ్మమ్మ పళ్ళపొడి డబ్బా ఉంది. ఊక మాడ్చిన మసి, ఉప్పు, లవంగాలు కలిపి ఆవిడే నూరుకునేది. అదీ నలుపే, మందూ నలుపే. రెండూ టీపొడి డబ్బాలే. ఇంతకంటే నేను చెప్పక్కర్లేదు, మీరు నాకంటే తెలివైనవాళ్ళు.

ఇంతలో మావయ్య కబురు పంపాడు. "రేపొద్దున్న వత్తాను. ఆ పిస్తోలు నా ముందర కాల్చి సూపించమను. సేతులో కుదురుంటే పిల్లనిత్తాను. నేకపోతే ఇంక అడగొద్దు." అంటే రమణమ్మ నాకు భార్య అవుతుందా లేదా అన్నది ఒక్క తూటా మీదికి వచ్చింది. ఆ మధ్యాహ్నమే పరుగున నూతి దగ్గరికెళ్ళి, చేతికందిన డబ్బా తెచ్చి, గబగబా తూటాలు నింపేశాను.

మర్నాడు పొద్దున్నే మావయ్య దిగాడు. ఆయనకంటే ముందు ఆయన మీసం గుమ్మంలోకి వచ్చేది, అంత మీసం. మేము బయలుదేరుతుంటే నూతి దగ్గర అమ్మమ్మ ఉమ్ముతోంది.

"ఒరే సూరీ, పొడి ఏటో పాడైపోనాదిరా. కుళ్ళిన గుడ్డు కంపు."

"పుక్కిలించెయ్యి అమ్మమ్మా" అని ఆగకుండా వెళ్ళిపోయాను.

శారదా నది ఇసుక దిబ్బకు కుండ ఆనించాం. మావయ్య చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డాడు. నేను కోటు బొత్తాలు విప్పి, జేబులో చిక్కుకున్న గొట్టాన్ని లాగి లాగి బయటికి తీశాను. ఈలోగా ఏ దొంగైనా గొలుగొండ చేరి భోంచేసి పడుకునేవాడు.

"నెమలేట్రా దాని మీద?" అన్నాడు మావయ్య.

గురి చూసి కాల్చాను. 'టప్' మంది. అప్పడం విరిగినట్టు. కుండ ఎక్కడున్నదో అక్కడే ఉంది. సిగ్గుతో మళ్ళీ కాల్చబోతే మావయ్య నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఆగు. గుండు గొట్టంలోనే ఉండిపోనాది. మళ్ళీ కాల్సేవంటే గొట్టం పగిలి నీ సెయ్యి పోద్ది." పిస్తోలు తీసుకుని, తూటాలు బయటికి తీసి, ఒకటి ఊడదీసి అరచేతిలో పోసుకున్నాడు. వాసన చూశాడు. ఇంకోసారి చూశాడు. "లవంగాల కంపేట్రా?"

లవంగాలు ఇక్కడుంటే మందు ఎక్కడుంది? పొద్దున్న అమ్మమ్మ పళ్ళు తోముకున్నది దేనితో? తోముకున్నాక ఆవిడ చేసే మొదటి పని ఏమిటి?

మా వైపు సంగతి తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. ఇక్కడ పెద్దాడవాళ్ళు చుట్టను అందరిలా కాల్చరు. తిరగేసి, నిప్పున్న కొసను నోటి లోపల పెట్టుకుని, పెదాలు మూసుకుంటారు. అడ్డపొగ అంటారు. అమ్మమ్మ అలా నిప్పు నోట్లో పెట్టుకునే ఇల్లంతా ఊడ్చేది.

"మావా, అమ్మమ్మ నోటి నిండా తుపాకీ మందే" అని పరుగెత్తాను. ముందు నేను, వెనక మావయ్య, పంచెలు పైకెగగట్టి. దారిలో ఎవరో 'దొంగ, దొంగ' అని అరిచి మాతో కూడా కొంతదూరం పరుగెత్తారు. నాకు ఏడుపొస్తోంది. రమణమ్మ మాటే మరిచిపోయాను. అమ్మమ్మ బతికుంటే చాలనుకున్నాను.

అమ్మమ్మ పెరట్లో పీట మీద కూర్చుని ఉంది. పెదాలు మూసి ఉన్నాయి. ముక్కులోంచి సన్నగా పొగ వస్తోంది.

"అమ్మా, కదలకు" అన్నాడు మావయ్య. "ఆ పొడి ఏటి సేసేవు?"

అమ్మమ్మ నోరు తెరవకుండా కాలువ వైపు చూపించి, చేత్తో పారబోసినట్టు అభినయించింది. పక్కనే మూత లేని డబ్బా. మావయ్య దాన్ని ఎత్తి అడుగున ఏమైనా మిగిలిందా అని తొంగి చూశాడు. సరిగ్గా అప్పుడే నేను అమ్మమ్మ నోట్లో చుట్ట పట్టి లాగాను. నిప్పు కొస వేళ్ళకు తగిలింది. చురుక్కుమంది. విసిరేశాను. ఎటు విసిరానో చూసుకునే కుదురు నాకెక్కడిది?

చుట్ట వెళ్ళి డబ్బాలో పడింది.

భగ్గుమంది. తెల్లటి పొగ లేచింది. పొగ తగ్గాక మావయ్య కనబడ్డాడు. కళ్ళు బాగున్నాయి, ముక్కు బాగుంది. మీసం మాత్రం ఎడమవైపుదే ఉంది.

అమ్మమ్మ తాపీగా అంది. "ఆ నిప్పు నా నోట్లో ఉన్నంతసేపూ ఏటీ అవనేదు. నువ్వు తీసేవు, కొంప కాలినాది."

మావయ్య పెదవి తడుముకున్నాడు. పీట మీద కూలబడ్డాడు. "ఈ మొకంతోటి మునగపాక ఎలాగెల్తాను? పందుల అప్పన్న మీసం టీ డబ్బా కాల్సేసినాదంటే ఊరు నవ్వదా?"

"రెండోది కూడా గీయించేసుకో. సింహాచలం మొక్కు అని సెప్పు" అంది అమ్మమ్మ.

"వీడు ఊరుకుంటాడేటి? వీడి నోట్లో నువ్వుగింజ నానదు."

"పరాయోడైతే సెప్తాడు. అల్లుడైతే ఏల సెప్తాడు?"

మావయ్య నా వైపు చూశాడు. పందిని చూసే చూపే అది. తర్వాత మెల్లగా అన్నాడు. "అమ్మా, ముహూర్తం ఈ వారంలో నేదేటి?"

అలా నాకు పెళ్ళయింది. పిస్తోలు పోలీసు స్టేషన్లో అప్పగించాను, నెమలితో సహా. మావయ్య బతికున్నన్నాళ్ళూ నేను నోరు విప్పలేదు, రమణమ్మ దగ్గర కూడా. ఇప్పుడు విప్పాను కాబట్టి మీ అందరి సాక్షిగా ప్రమాణం కూడా చేస్తున్నాను. ఇకమీదట ఏ ఆయుధమూ ముట్టను. పేరు లేని డబ్బా మూత తియ్యను. ముఖ్యంగా, మా వైపు ముసలమ్మ నోట్లో నిప్పు చల్లగా ఉన్నప్పుడు, నా ప్రాణం పోతున్నా సరే, దాన్ని బయటికి లాగను.